రెండు కార్డులకి ఐదువందల యాభై వాట్లు

కళ్ళు పూర్తిగా పోతాయని డాక్టరు చెప్పిన నెలలోనే మా బావ కంప్యూటర్ కొనడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాడని ఎందుకంటున్నానంటే, అది దుకాణానికి వెళ్ళి ఒకేసారి తెచ్చుకునే రకం కాదు. ఒక నెల బోర్డు, ఒక నెల స్క్రీన్లు, ఇంకో నెల పెట్టె, ఇలా ముక్కముక్కగా కూర్చుకున్నాడు. అక్క నాకు ఫోన్ చేసి, మీ బావకి మతి పోయింది, చూపు తగ్గుతుంటే ఇంట్లో ఈ సినిమా హాలేంటని ఏడ్చింది. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, కానీ అప్పటికి నిజంగానే నవ్వొచ్చింది.

బావ విశాఖ హార్బర్లో టగ్గు సారంగు. పెద్ద ఓడలు తమంతట తాము రేవులోకి రాలేవు, అంత ఇరుకులో వాటికి ఒళ్ళు తిరగదు. వాటిని తాడేసి లాగి, పక్కనుంచి నెట్టి, ఓడలు నిలిపే బెర్తు దగ్గరికి చేర్చే పొట్టి మొండి పడవ టగ్గు. దాన్ని నడిపేవాడు సారంగు. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేశాక షుగరు ఆయన కళ్ళ మీద పడింది. ఏడాదికోసారి చేసే పరీక్షలో చూపు చాలదని తేలి ఇంటికి వచ్చేశాడు. గాజువాకలో మేడ మీద గదిలో గోడ వైపు తిరిగి నాలుగు నెలలు పడుకున్నాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. పిలిస్తే భోజనానికి వచ్చేవాడు, రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు.

ఆ గోడ నుంచి ఆయన్ని ఇటు తిప్పింది ఒక ఆట. ఓడలు నడిపే ఆట. అందులో ఆడేవాళ్ళు తమకి నచ్చిన రేవుని తామే కట్టుకోవచ్చు. కొండలు, దీపస్తంభం, బెర్తులు, నీళ్ళ లోతు, అలల ఎత్తు, అన్నీ. బావ ఫోన్లో వీడియోలు చూసి ఆ విద్య నేర్చుకున్నాడు. యాభై ఆరేళ్ళ వయసులో, ఒక కన్ను సగం మూసుకుపోయాక. మన హార్బర్ని కడతానన్నాడు. బయట సముద్రం నుంచి డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా సన్నటి దారిలో లోపలికి వచ్చి, మలుపు తిరిగి, లోపలి బెర్తు దాకా. తనకి ఎలా గుర్తుందో అలాగే.

చూపు ఉన్నన్నాళ్ళలో అది పూర్తి చెయ్యాలి. పూర్తయ్యాక ఒక్కసారి బయటి నుంచి లోపలి దాకా ఆగకుండా ఓడని తీసుకురావాలి. ఆయన కోరుకున్నది అంతే. ఇంకేమీ అడగలేదు, అడిగే మనిషి కాదు కూడా.

ఆయన చూపులో నడిమధ్యన మచ్చలు ఉండేవి. పక్కచూపు ఇంకా బాగానే ఉండేది. అందుకని మూడు పెద్ద స్క్రీన్లు అర్ధచంద్రంలా పెట్టుకుని వాటి నడుమ కూర్చోవాలి. మూడు స్క్రీన్ల మీద సముద్రాన్ని ఆడించాలంటే ఒక గ్రాఫిక్స్ కార్డు చాలదు. గాజువాకలోనే మూతపడిన ఒక గేమింగ్ సెంటరు నుంచి జత కార్డులు తెచ్చాడు. ఒక్కొక్కటి ఇటుకంత ఉంది. ఇక మిగిలింది ఒక్కటే, వీటన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె. పవర్ సప్లై. అది ఎంచే పని నాకు పడింది.

పడింది అనడం అబద్ధం. నేనే మీద వేసుకున్నాను. పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీ సబ్‌స్టేషన్‌లో నేను సూపర్‌వైజరుని. మా బంధువుల్లో ఎవరింట్లో ఇన్వర్టర్ కొన్నా, మోటారు పెట్టినా, చివరికి పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్లు కట్టినా నన్ను అడగందే కట్టరు. అడక్కపోతే నాకు కోపం వస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి అడుగుతారు.

ఒక ఆదివారం పొద్దున్న నేనుండే దువ్వాడ నుంచి షేర్ ఆటోలో గాజువాక వచ్చి, బావని వెంటబెట్టుకుని కంప్యూటర్ దుకాణానికి వెళ్ళాను. దుకాణం అతను కార్డుల పేర్లు విని, కనీసం ఎనిమిదివందల యాభై వాట్లది తీసుకోండి, వెయ్యి అయితే ఇంకా నిశ్చింత అన్నాడు. అమ్మేవాడు చిన్నది ఎందుకు చూపిస్తాడు అనుకున్నాను. అతని దగ్గరే ఒక కాగితం అడిగి తీసుకుని లెక్క వేశాను. కార్డులు రెండూ కలిపి ఐదువందలు, ప్రాసెసర్ నూట ముప్ఫై, మిగతా చిల్లర సరంజామా వంద. మొత్తం ఏడువందల ముప్ఫై. అంటే ఏడువందల ముప్ఫై కావాలా? అక్కర్లేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఫ్యాక్టరీలో వంద మోటార్లు ఉంటే వందకీ సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ ఎవడూ పెట్టడు. అన్నీ ఒకేసారి తిరగవు. ఏ వేళకి ఎన్ని తిరుగుతాయో అంచనా కట్టి పదింట ఏడు వంతులకి పెడతారు. ఆ లెక్కన ఇక్కడ ఐదువందల పదకొండు చాలు. నా పాతికేళ్ళ ఉద్యోగంలో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. దుకాణం అతనికి అర్థమయ్యేలా చెప్పాను. పెళ్ళికి పిలిచినవాళ్ళంతా ఒకే బంతిలో కూర్చుంటారా అన్నాను.

అతను గౌరవంగానే చెప్పాడు. గేము ఆడేటప్పుడు అన్నీ ఒకే బంతిలో కూర్చుంటాయి సార్, ఒక్కోసారి కార్డు మీద రాసినదానికంటే ఎక్కువ కూడా గుంజుతుంది అని. నేను ముప్ఫై మూడు వేల వోల్టుల దగ్గర పనిచేసే మనిషినని అతనికి చెప్పాను. అలా చెప్పాక ఇక ఎవరూ మాట్లాడరని నాకు తెలుసు. బావ ఒక్కసారి మాత్రం నోరు తెరిచాడు. మేమిద్దరం ఒకరినొకరం బావ అనే పిలుచుకుంటాం.

"పెద్దది తీసుకుంటే తప్పేటి బావ?"

"తప్పేటీ నేదు. దండగ" అన్నాను.

ఐదువందల యాభై వాట్లది తీసుకున్నాం. మంచి కంపెనీదే. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి, అది చాలా మంచి పెట్టె.

బిగించి స్విచ్ వేస్తే మూడు స్క్రీన్ల మీద సముద్రం పరుచుకుంది. అక్క గుమ్మంలో నిలబడి చూసి, చీర కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి బావ పొద్దున్న ఆరింటికే లేచి కళ్ళలో చుక్కలు వేసుకుని కూర్చునేవాడట. గోడ సంగతి మర్చిపోయాడు. కడుపునిండా తినడం మొదలుపెట్టాడు. పది రోజులకోసారి నేను వెళ్ళేసరికి హార్బర్ కొంచెం కొంచెం పెరుగుతూ ఉండేది. ఖనిజం ఎక్కించే బెర్తు మీద ఎర్రదుమ్ము ఏ ఇనుము మీద ఎంత మందాన పడుతుందో కూడా వేశాడు. నీళ్ళ రంగు ఎక్కడ మారుతుందో ఆయనకి తెలుసు. నీళ్ళ మీద తేలే ఒక బోయా మీద కాకులు కూర్చుంటాయని కాకుల్ని కూడా పెట్టాడు. నేను విశాఖలో పుట్టి పెరిగాను, ఆ కాకుల్ని ఎప్పుడూ చూడలేదు.

అన్నిటికంటే ఎక్కువ పని ఆయన చేసింది లోపలికి వచ్చే సన్నదారి దగ్గర. అక్కడ ఒక పక్క డాల్ఫిన్ నోస్ కొండ, ఇంకో పక్క చర్చి, దర్గా, గుడి ఉన్న మూడు కొండలు. సారంగులందరూ ఆ మూడింటికీ ఒక దణ్ణం పెట్టి లోపలికి వస్తారట. ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా. అందుకని ఆ చోటులో ఒక్క మెట్టు, ఒక్క చెట్టు, ఒక్క జెండా వదల్లేదు. రెండేళ్ళ పనిలో సగం అక్కడే అయింది.

రేవు పూర్తయ్యాక ఓడని నడపబోతే కంప్యూటర్ ఆగిపోయేది కూడా అక్కడే. బయట సముద్రంలో ఎంతసేపైనా నడిచేది. ఓడ సన్నదారిలోకి తిరిగి, అన్ని కొండలూ అన్ని నీడలూ మూడు స్క్రీన్ల మీదకి ఒకేసారి వచ్చేసరికి టక్కుమని చీకటి. మళ్ళీ స్విచ్ వేస్తే ఏమీ ఎరగనట్టు నడిచేది. మొదటి రెండుసార్లు ఆయన నాకు చెప్పలేదు. ఐదారుసార్లు అయ్యాక అక్క చెప్పింది. లోపలి దాకా ఒక్కసారి కూడా రాలేకపోయాడట.

నేను వెళ్ళి చూశాను. పక్కన నిలబడి నడపమన్నాను. మలుపు దగ్గర ఆగిపోయింది. ఏం జరిగిందో నాకు అర్థం కావడానికి క్షణం పట్టలేదు. బరువు మోయలేక తనని తాను ఆపుకుంటోంది. మంచి పెట్టె చెయ్యవలసిన పనే అది. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదటి రోజు చెప్పే మాట ఒకటుంది. ట్రిప్ అయి కరెంటు కోసేసిన రిలే అబద్ధం చెప్పదు, దాని నోరు మూయకండి, ఎందుకు అరిచిందో చూడండి అని. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఆ రోజు బావ కూడా అన్నాడు, బరువు ఎక్కువవుతోందేమో, పెద్దది తెద్దామా అని. అవును, నా లెక్క తప్పింది అంటే సరిపోయేది. నాలుగు మాటలు. మరుసటి ఆదివారం దుకాణానికి వెళ్ళి వెయ్యి వాట్లది తెచ్చుకునేవాళ్ళం. దుకాణం అతను ఒక చిన్న నవ్వు నవ్వేవాడు. అంతే. నాకు ఆ నవ్వు గుర్తొచ్చింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు, బరువు కాదు బావా, ఈ పెట్టెలో రక్షణ మరీ సున్నితంగా పెట్టారు, ఊరికే ఉలిక్కిపడుతోంది, దీన్ని మార్చాలి అన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. బావ తలూపాడు.

పాత సామాన్ల మార్కెట్లో వెతికి వేరేది తెచ్చాను. అదీ ఐదువందల యాభయ్యే, కాగితం మీద నా లెక్క గెలవాలి కదా. కంపెనీ పేరు ఎప్పుడూ విన్నది కాదు. చేత్తో ఎత్తి చూశాను, మొదటిదానికంటే బాగా బరువుగా ఉంది. మా వృత్తిలో బరువంటే రాగి, రాగి అంటే నిజాయితీ. అమ్మేవాణ్ణి ఒకటే అడిగాను, ఇది ఊరికే ట్రిప్ అవుతుందా అని. అస్సలు అవదు సార్ అన్నాడు. అతను నిజమే చెప్పాడు.

కొత్త పెట్టె పెట్టిన రోజు బావ ఓడని బయటి నుంచి తీసుకొచ్చాడు. సన్నదారిలోకి తిరిగింది. మూడు కొండలూ వచ్చాయి. ఆగలేదు. ఆయన ఎడమచెయ్యి తనకి తెలీకుండానే నుదుటి దాకా వెళ్ళి వచ్చింది. లోపలికి, మలుపు, బెర్తు. అరగంట పట్టింది. ఓడ గట్టుకి ఆనుకుంది. అక్క ఆ రోజు వంజరం పులుసు పెట్టింది. నాకు రెండు ముక్కలు ఎక్కువ వేసి, నువ్వు నేపోతే ఏటైపోయీవోళ్ళమో అంది. నేను ఆ ముక్కలు తిన్నాను. ఆ మాటని కూడా మింగేశాను.

మూడు వారాలు రోజుకి ఒక ఓడ తెచ్చాడు. తరువాత ఒక మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది.

"బావ, కాలిపోతన్న వోసన వత్తన్నాది."

మెయిన్ ఆపెయ్యమన్నాను. అప్పటికే ఆగిపోయిందన్నాడు.

పర్మిషన్ పెట్టి బస్సెక్కి వెళ్ళాను. గదంతా కమురు వాసన. కంప్యూటర్ వెనక గోడ మీద మసి. ఒక్కొక్కటే విప్పి చూశాను. పవర్ సప్లై ఒక్కటే పోయి ఉంటే సంతోషించేవాణ్ణి. పోతూ పోతూ అది కార్డులు రెండింటినీ, బోర్డునీ, డిస్కుల్నీ కూడా తీసుకుపోయింది. రెండేళ్ళ పని రెండు డిస్కుల్లో దాచాడు, ఒకటి పోతే ఒకటి ఉంటుందని. రెండూ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. రెండింటికీ కరెంటు ఇచ్చింది నేను తెచ్చినదే. వేరే ఎక్కడైనా ఒక కాపీ పెట్టమని చెప్పవలసిన మనిషిని కూడా నేనే, ఆ ఆలోచనే నాకు రాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ డిస్కుల్ని హైదరాబాదు పంపాను. నెల తరువాత లాభం లేదని తిరిగొచ్చాయి.

అది కాలిన రోజే ఇంకొకటి కూడా చేశాను. అది చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. కాలిన పవర్ సప్లై మూత విప్పాను. లోపల బరువు కోసం ఒక ఇనప దిమ్మ స్క్రూలతో బిగించి ఉంది. అది చూడగానే నాకు కలిగింది బాధ కాదు, ఊరట. దాన్ని పళ్ళెంలో పెట్టి బావకీ అక్కకీ చూపించాను. బావ దాన్ని వేళ్ళతో తడిమాడు. చూశారా ఎంత మోసమో, వీళ్ళు మనుషులేనా అని తిట్టాను. అక్క కూడా తిట్టింది. బావ నా భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పు ఏముంది, ఎవరైనా మోసపోతారు అన్నాడు. ఓదార్చవలసిన మనిషిని వదిలేసి నేను ఓదార్పు పుచ్చుకుని దువ్వాడ బస్సెక్కాను. మొదటి పెట్టె ఎందుకు ఆగిపోయేదో ఆ రోజు చెప్పలేదు. ఆ తరువాత ఏడాదిన్నర చెప్పలేదు.

ఆ మధ్యలో పాపపరిహారం లాంటిది ఒకటి చేశాను. అన్నీ మళ్ళీ కొన్నాను, బోర్డు, కార్డులు, వెయ్యి వాట్ల పవర్ సప్లై. ఆ దుకాణంలోనే కొన్నాను. అతను నవ్వలేదు, ఏమీ అడగలేదు. బిగించి ఇచ్చాను. బావ నా మాట కాదనలేక దాని ముందు కూర్చున్నాడు. స్క్రీనుకి మొహం ఆనించి వెతికేవాడు. కుడికన్ను అప్పటికే పూర్తిగా పోయింది. ఎడమదాంట్లో వెలుగు, నీడ మాత్రం తెలిసేవి. నాలుగు రోజులు కొండ గీత ఒకటి గియ్యడానికి తంటాలు పడ్డాడట. ఐదో రోజు అక్కని పిలిచి మూడు స్క్రీన్ల మీదా దుప్పటి కప్పెయ్యమన్నాడు. మళ్ళీ గోడ వైపు తిరిగాడు. ఈసారి తిప్పడానికి ఇంకేమీ లేదు. అక్క ఇప్పుడు నాకు ఫోన్ చెయ్యడం తగ్గించింది. చేసినా ఏం తిన్నావు, ఎలా ఉన్నావు, అంతవరకే.

పోయిన వేసవిలో ఒక రోజు అక్క బజారుకి వెళ్ళినప్పుడు నేనూ బావా ఇద్దరమే ఉన్నాం. నాకు ఇక తట్టుకోవడం చేతకాలేదు.

"ఆ మొదటి పెట్టె పాడవనేదు బావ" అన్నాను. "బరువు మొయ్యనేక ఆగిపోయీది. నాకు ఆరోజే తెలుసు. నా లెక్క తప్పిందని సెప్పలేక అది మార్చీసాను."

 ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నాకూ తెలుసు" అన్నాడు. "మలుపు కాడికొచ్చీసరికి లోపల ఫేన్ మోత మారిపోయీది. ఇంజిను బరువు మొయ్యనేకపోతే ఎలా మూలుగుతాదో నాకు తెల్దేటి?"

 మరి ఎందుకు ఊరుకున్నావని అడిగాను. ఆయన తన పని సంగతి చెప్పాడు. ఎప్పుడూ చెప్పని సంగతి. ఓడ మీద దారి చూపే పైలట్ ఉంటాడు. రేడియోలో ఆయన నెట్టమంటే టగ్గు నెట్టాలి, ఆపమంటే ఆపాలి. తప్పని కళ్ళకి కనబడుతున్నా సారంగు ఎదురు చెప్పకూడదు. ఇరుకు దారిలో ఇద్దరి మాట మీద నడిస్తే ఓడ గట్టుకి కొట్టుకుంటుంది. మొదటి రోజు నేర్పేది అదే. ముప్ఫై ఏళ్ళు అలాగే బతికాడు.

"కరెంటు కాడ నువ్వే పైలట్‌వి అనుకున్నాను. ఒకపాలి అడిగాను, రెండోపాలి అడిగాను. నువ్వు కాదన్నావు. మరి నాను నోరెత్తనేదు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నాలుగు తిట్లు తిని బయటపడేవాణ్ణి.

"నాను పైలట్‌ని కాను బావ" అన్నాను. "నాకు తెల్దు. అన్నీ తెలుసని అనుకున్నాను గానీ తెల్దు."

ఆయన మొహం నేను కూర్చున్న వైపు తిప్పబోయి, కొంచెం పక్కకి తిప్పాడు. అక్కడ ఖాళీ కుర్చీ ఉంది. నేను ఆ కుర్చీలో ఉన్నాననుకుని దానితో అన్నాడు.

"ఆ మాట ఆ షాపు కాడ సెప్పాల్సింది బావ. అప్పుడు నాకు కళ్ళున్నాయి."